నియామక పత్రంలో లేని షరతులు

1924 జనవరిలో బొంబాయి నూలు మిల్లులు నిలిచిపోయాయి. లక్షన్నర మందికి పైగా కార్మికులు పని మానేసి వీధుల్లోకి వచ్చారు. మన తెలంగాణ పల్లెల్లో మగ్గం వదిలి వలసపోయిన పద్మశాలీలకు కూడా ఆ మిల్లులు కూడు పెట్టేవి. తగువు బోనసు దగ్గర వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మిల్లులకు లాభాలు బాగా వచ్చాయి, బజారులో ధరలూ మండిపోయాయి. కార్మికులు తట్టుకోవాలని 1917లో యజమానులు యుద్ధ బోనసు పేరుతో జీతం మీద కొంత కలిపి ఇచ్చారు. యుద్ధం ముగిశాక అదే ఏటా ఒక నెల జీతం ఇచ్చే అలవాటుగా స్థిరపడింది. కొన్నేళ్లు గడిచాయి. 1923లో లాభాలు పడిపోయాయి. ఈ ఏడు బోనసు లేదని యజమానులు ప్రకటించారు.

సమ్మె రెండు నెలల పాటు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ నార్మన్ మెక్లౌడ్. ఆ సంఘం పత్రాలు చూసింది, లెక్కలు చూసింది, చివరికి కార్మికులకు బోనసు అడిగే హక్కు లేదని తేల్చింది. చట్టం ప్రకారం లేదు, ఆచారం ప్రకారం లేదు, న్యాయధర్మం ప్రకారమూ లేదు అంది. కార్మికులు ఓడిపోయి మార్చిలో మిల్లులకు తిరిగి వెళ్లారు.

ఆ సంఘం వెతికిన చోట నిజంగానే ఏమీ లేదు. ఏటా బోనసు ఇస్తామని ఏ యజమానీ కాగితం మీద సంతకం చేయలేదు. కానీ ఏటా ఆ డబ్బు చేతికి వస్తుంటే కార్మికుడు దాన్ని నమ్ముకుని ఇంటి అద్దె కట్టాడు, ఊళ్లో అప్పు తీర్చాడు, కూతురి పెళ్లి పెట్టుకున్నాడు. అతడు నమ్ముతున్నాడని యజమానికీ తెలుసు. ఆ నమ్మకం వల్ల పని సాఫీగా సాగుతున్నంత కాలం ‘ఇది దానమే సుమా, రేపు ఉండకపోవచ్చు’ అని ఎవరూ గుర్తు చేయలేదు. ఎదుటివాడిని ఏళ్ల తరబడి ఒక సంగతి నమ్మనిచ్చి, అవసరం తీరాక ‘నేనెప్పుడన్నాను’ అనడం మాట తప్పడమే అవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. 41 ఏళ్లు గడిచాక, 1965లో, స్వతంత్ర భారతదేశం బోనసు చెల్లింపు చట్టం చేసింది. 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టం కింద కనీస బోనసు 8.33 శాతానికి చేరింది. ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే సరిగ్గా ఆ ఒక నెల జీతం.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఇలాంటి రాయని షరతుల గురించి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒక కాగితం ఇస్తారు. పని వేళలు, జీతం, సెలవులు, ఎన్ని రోజుల నోటీసు ఇచ్చి మానేయాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. దానితో పాటు ఎవరూ చేతికివ్వని కాగితం ఇంకొకటి ఇద్దరి మనసుల్లోనూ ఉంటుంది. నేను ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తే నా కష్టకాలంలో వీళ్లు నన్ను చూస్తారని ఉద్యోగి అనుకుంటాడు. నేను ఇతన్ని మనిషిలా చూసుకుంటే అవసరానికి గడియారం చూడకుండా నిలబడతాడని యజమాని అనుకుంటాడు. ఇద్దరూ పైకి చెప్పుకోరు.

యజమాని ఆశించేది ఎంత పెద్దదో తెలియాలంటే ‘వర్క్ టు రూల్’ చూడాలి. విద్యుత్ ఉద్యోగులో, రైల్వే ఉద్యోగులో సమ్మె నోటీసు ఇచ్చాక ఒక్కోసారి ఈ పద్ధతి ఎంచుకుంటారు. పని మానరు. రూలు పుస్తకంలో ఏముందో అంతే చేస్తారు. అక్షరం తక్కువ కాదు, అక్షరం ఎక్కువ కాదు. నిజానికి ఏ సంస్థ అయినా దానికి సంతోషించాలి. కానీ ఒకటి రెండు రోజుల్లోనే పనులు పేరుకుపోతాయి, అధికారులు చర్చలకు పిలుస్తారు. సంస్థ ఇన్నాళ్లూ నడుస్తున్నది రూలు పుస్తకంలో లేని పనితోనే అని అప్పుడు బయటపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినప్పుడు వేల కరెంటు స్తంభాలు నేలకూలాయి. ఇతర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి కూడా లైన్‌మన్లు, హెల్పర్లు వచ్చి రాత్రింబగళ్లు తీగలు లాగారు. వాళ్లు చేసిందాన్ని ఏ నియామక పత్రమూ అడగలేదు, ఏ ఓవర్‌టైమ్ లెక్కా సరిగ్గా కొలవలేదు. అలాంటి రోజున వచ్చి నిలబడే మనిషికి మామూలు రోజుల్లో మనం ఏమిచ్చాం అన్నదే అసలు లెక్క.

దీన్ని పరిశోధకులు కూడా పట్టించుకున్నారు. 1960లో అమెరికాలో క్రిస్ ఆర్గిరిస్ అనే పండితుడు రెండు ఫ్యాక్టరీలను గమనించి రాశాడు. అక్కడి ఫోర్‌మన్లు కార్మికుల్లోంచే పైకి వచ్చినవాళ్లు. తమవాళ్ల మనసు వాళ్లకు తెలుసు. జీతం సరిగా ఉండి, ఉద్యోగానికి భద్రత ఉండి, అనవసరంగా నెత్తిన కూర్చోకుండా ఉంటే కార్మికులు మంచి ఉత్పత్తి ఇస్తారని, గొడవలు తక్కువ పెడతారని వాళ్లు గ్రహించారు. అలాగే నడుచుకున్నారు. ఈ మౌనమైన సర్దుబాటుకు ఆర్గిరిస్ మానసిక ఒప్పందం అని పేరు పెట్టాడు. రెండేళ్ల తర్వాత హ్యారీ లెవిన్సన్ బృందం కాన్సస్ రాష్ట్రంలో కరెంటు, గ్యాసు సరఫరా చేసే ఒక కంపెనీలో 800 మందికి పైగా ఉద్యోగులతో మాట్లాడింది. చాలామందికి తాము కంపెనీ నుంచి ఏం ఆశిస్తున్నారో తమకే స్పష్టంగా తెలియదు. ఆ ఆశ నెరవేరనప్పుడు మాత్రం గుండెలో కలుక్కుమంటుంది.

డెనిస్ రూసో 1989 నుంచి దీన్ని మరో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. ఈ ఒప్పందం ఇద్దరి మధ్యా ఒకేలా ఉంటుందన్న భరోసా ఏమీ లేదు, ఎవరి మనసులో ఉన్న కాగితం వాళ్లది అని ఆమె చెప్పింది. ఇది నాకు చాలా విలువైన మాటగా తోస్తుంది. మన ఆఫీసు తగాదాల్లో చాలా వాటిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరూ వేర్వేరు కాగితాలు చదువుతున్నారు. రూసో, శాండ్రా రాబిన్సన్ కలిసి మేనేజ్‌మెంట్ పట్టభద్రుల మీద చేసిన ఒక అధ్యయనం 1994లో వచ్చింది. ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపే వాళ్లలో సగానికి పైగా మంది యజమాని తమకిచ్చిన మాట తప్పాడని చెప్పారు.

ఇక మన గడ్డ మీదికి వస్తాను. రాయని ఒప్పందం తరతరాలుగా ఎలా ఉంటుందో, తెగినప్పుడు ఎంత నొప్పి పెడుతుందో చూడాలంటే సింగరేణి కన్నా గొప్ప పాఠం మరొకటి లేదు. 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వడం మొదలైంది. ఆ తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని అని బొగ్గుబాయిల వెంబడి ఊళ్లు పుట్టాయి. బాయిలోకి దిగడమంటే ఏమిటో దిగినవాడికే తెలుసు. మస్టర్ పడ్డాక చీకట్లోకి వెళ్తే షిఫ్టు దిగి పైకి వచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్లకు మనసు నిలవదు. కప్పు కూలవచ్చు, నీళ్లు ముంచెత్తవచ్చు. అంత ప్రమాదానికి జీతం ఒక్కటే బదులు అని బొగ్గుబాయి కార్మికుడు ఎన్నడూ అనుకోలేదు. నేను నా ఒళ్లు, నా ఊపిరితిత్తులు ఈ కంపెనీకి ఇస్తున్నాను, నేను పని చేయలేని రోజున నా కొడుకును కంపెనీ తీసుకుంటుంది అనుకున్నాడు. చాలాకాలం అలాగే జరిగింది కూడా. తండ్రి దిగిపోతే కొడుకు బాయికి పోయాడు. వారసత్వ ఉద్యోగం అన్న మాట బొగ్గుగని కుటుంబాల్లో పిల్లల చదువుల్ని, పెళ్లి సంబంధాల్ని, అప్పు పుట్టడాన్ని కూడా నిర్ణయించింది.

1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షా పది వేలకు పైగా మంది ఉండేవారు. ఆ తర్వాత యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి, నష్టాలు వచ్చాయి, స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి. వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. అప్పటికే పాతికేళ్లు బాయిలో గడిపినవాడికి అది పథకం రద్దులా కనిపించలేదు, తన జీవితకాలపు పెట్టుబడి మాయమైనట్టు కనిపించింది. తెలంగాణ వచ్చాక ఆ కోరిక మళ్లీ బలంగా లేచింది. 2016లో యాజమాన్యం వారసత్వ ఉద్యోగాల పథకం ప్రకటించింది. 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగానికి అందరికీ సమాన అవకాశం ఉండాలి కాబట్టి అది వంశపారంపర్యంగా దక్కేది కాదంది. ఆ తర్వాత కారుణ్య నియామకాల దారి పట్టారు. కార్మికుడు పనికి అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు తేల్చితే వారసుడికి ఉద్యోగం.

హైకోర్టు చెప్పింది సరైనదేనని నా అభిప్రాయం. బొగ్గుబాయికి దూరంగా పుట్టిన నిరుద్యోగికీ ఆ ఉద్యోగం మీద హక్కుంది. అయినా గని కార్మికుడి గాయం అబద్ధం కాదు. దశాబ్దాల పాటు ఆ నమ్మకంతోనే అతన్ని బాయిలోకి దింపారు. కొత్తగా చేరేవాళ్లకు ఇక ఇది ఉండదని చెప్పడం ఒకటి, ఒళ్లు అరగదీసుకున్నవాడికి చివర్లో చెప్పడం వేరొకటి. మార్పు తప్పనప్పుడు ముందుగా, ముఖం చూసి, కారణంతో సహా చెప్పాలి. పాత నమ్మకంతో బతుకును ఖర్చు పెట్టినవాడికి వేరే రూపంలో బదులు చెల్లించాలి. వారసుణ్ణి బాయిలోకి పంపాలంటే తండ్రి తనకు జబ్బుందని రుజువు చేసుకోవాల్సిన స్థితి కార్మికుడి గౌరవానికి మంచిది కాదు.

అదే సింగరేణిలో రాయని ఒప్పందం నిలబడిన చోటు కూడా ఉంది. లాభాల్లో కార్మికుడికి వాటా ఇచ్చే పద్ధతి పాతికేళ్లుగా నడుస్తోంది. 2024లో ప్రకటించిన వాటా 33 శాతం. ఏటా దసరా ముందు కోల్‌బెల్టులో ఆ మాట కోసం ఎదురుచూస్తారు. ఆ ఏడాదే మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా 5 వేల రూపాయల చొప్పున ప్రకటించారు. మొత్తం చిన్నదే. కానీ అదే దుమ్ము పీల్చి, అదే బొగ్గు ఎత్తుతూ, పర్మినెంటు కార్మికుడి ఆశల్లో ఒక్కటీ తనది కాదనుకుంటూ బతికిన మనిషిని లెక్కలోకి తీసుకోవడం పెద్ద విషయం. అది అక్కడితో ఆగకూడదు.

రాయని ఒప్పందాలన్నీ మంచివని మాత్రం అనుకోవద్దు. ఒకప్పటి పాలేరు బతుకు అంతా నోటిమాటే. ఏడాదికి ఇన్ని గింజలు, కాళ్లకు ఒక జత చెప్పులు, పండక్కి ఒక పంచె. దానికి బదులుగా కోడి కూసింది మొదలు పశువులు కట్టేసేదాకా చాకిరీ, ఆపైన పెళ్లాం పిల్లలు కూడా పిలిస్తే పలకాలి. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు జీతం ఉండటం కూడా నోటిమాట కట్టుబాటే. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ అప్పుల్నీ, ఆ కట్టుబాట్లనూ, రాసినవైనా రాయనివైనా, చెల్లవు పొమ్మంది. నోటిమాటలో ఎప్పుడూ బలమున్నవాడి గొంతే వినిపిస్తుంది. అందుకే ‘మనమంతా ఒకే కుటుంబం’ అని ఏ సంస్థ అయినా అన్నప్పుడు నేను ఒక సంగతి చూస్తాను. ఆ కుటుంబం అన్న మాటతో ఆదివారం పనికి మాత్రమే పిలుస్తున్నారా, ఆసుపత్రి ఖర్చుకు కూడా వస్తున్నారా?

యజమానులకు నేను చెప్పే పరీక్ష ఒకటే. మీరు మీ మనిషి నుంచి ఆశిస్తున్నదాన్ని నియామక పత్రంలో అచ్చు వేయగలరా? ‘రాత్రి తొమ్మిది దాకా ఉండాలి, సెలవు రోజున ఫోను ఎత్తాలి’ అని రాయడానికి చెయ్యి రాకపోతే, ఆ ఆశ న్యాయమైనది కాదని మీ చేతికే తెలుసు. ఉద్యోగులు కూడా అలాగే చూసుకోవాలి. ‘పదేళ్లు చేశాను కాబట్టి ఇక పని తగ్గించినా ఎవరూ అడగకూడదు’ అని దరఖాస్తు రాసి ఇవ్వగలమా?

మన హైదరాబాదు కుర్రవాళ్లు ఎక్కువగా ఉన్న ఐటీ రంగంలో ఇది ఈ మధ్యే గట్టిగా బయటపడింది. 2022 సెప్టెంబరులో విప్రో అధిపతి రిషద్ ప్రేమ్‌జీ, పోటీ కంపెనీలకు పనిచేస్తూ దొరికిన 300 మందిని తీసేశామని చెప్పారు. అంతకు నెల ముందు అలాంటి రెండో ఉద్యోగం సూటిగా మోసమేనని అన్నారు. తప్పు తప్పే. ఒకరి జీతం తీసుకుంటూ అదే సమయాన్ని వాళ్ల పోటీదారుకు అమ్మడాన్ని నేను సమర్థించను. కానీ 2023 ఫిబ్రవరిలో అదే కంపెనీ, ఏడాదికి ఆరున్నర లక్షల ఆఫరు చేతిలో పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూస్తున్న కొత్త పట్టభద్రులను మూడున్నర లక్షలకు చేరతారా అని అడిగింది. మార్కెట్ పరిస్థితులు మారాయి అన్నారు. పరిస్థితులు మారడం నిజమే. ఆ పిల్లలు ఈ లోపల వేరే ఆఫర్లు వదులుకుని ఉంటారన్నదీ నిజమే. ఒక తరం మొదటి ఉద్యోగంలోనే ఈ పాఠం నేర్చుకుంటే, వాళ్లు రేపు కంపెనీకి ఎంత ఇవ్వాలో కూడా అదే లెక్కతో ఇస్తారు. విధేయత తగ్గిపోయిందని పెద్దలు బాధపడేటప్పుడు దాన్ని మొదట ఎవరు తగ్గించారో కూడా చూడాలి.

విధేయత లేని తరం కాదు ఇది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కలన్నీ తప్పుడువని ఒప్పుకుంటూ ఉత్తరం రాసిన మర్నాడు, ఆ కంపెనీలోని సుమారు 53 వేల మందికి ఆ నెల జీతం వస్తుందో రాదో తెలియదు. చాలామంది వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు, వాళ్లను తప్పు పట్టలేం. అయినా పని ఆగలేదు. విదేశాల్లోని ఖాతాదారుల పనిని చేస్తూనే ఉన్నారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కునేనాటికి అక్కడ కొనడానికి ఒక కంపెనీ మిగిలి ఉందంటే, అది ఆ మూడు నెలలు కుర్చీల్లో కూర్చున్నవాళ్ల వల్ల. యజమాని మాట తప్పాక కూడా వాళ్లు పక్క సీటువాడికీ, ఖాతాదారుకూ ఇచ్చిన మాట మీద నిలబడ్డారు.

ఇక రాసిన కాగితం సంగతికి వస్తే, 2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కార్మికులందరికీ నియామక పత్రం ఇవ్వాలని అవి చెబుతున్నాయి. మంచిదే, ఎప్పుడో రావాల్సింది. కాగితం లేనివాడు కోర్టు మెట్లెక్కి తాను అక్కడ పనిచేశానని రుజువు చేసుకోవడానికే ఏళ్లు పట్టేది. కానీ కాగితం మిగతాదాన్ని భర్తీ చేయదు. సూపర్‌వైజర్ అందరి ముందూ అరవకూడదని, తల్లి పోయినవాడి సెలవును గంటల్లో లెక్కించకూడదని ఏ కోడూ రాయలేదు. చాలామంది ఉద్యోగులకు కంపెనీ అంటే కంపెనీ కాదు, తమ పై మనిషి. ఆర్గిరిస్ చూసిన ఫోర్‌మన్ అయినా, బాయిలో ఓవర్‌మన్ అయినా, గచ్చిబౌలిలో టీమ్ లీడ్ అయినా రాయని షరతులన్నీ అతని నోట, అతని ముఖంలో నిలబడతాయి, అక్కడే తెగిపోతాయి. ఆ స్థానానికి మనిషిని ఎంచేటప్పుడు అతనికి పని ఎంత వచ్చో చూస్తారు, మాట ఎంత నిలబెట్టుకుంటాడో చూడరు. ఇది మారాలి.

చివరిగా ఒక మాట. ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామంది నేను ఉద్యోగినే, యజమానిని కాదు అనుకుంటూ ఉంటారు. మీ ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే మనిషి ఉంటే ఆమెకు మీరే యజమాని. 2020 లాక్‌డౌన్‌లో పనికి రావద్దని చెప్పి జీతం ఇచ్చిన ఇళ్లున్నాయి, ఇవ్వని ఇళ్లూ ఉన్నాయి. ఇచ్చినవాళ్ల ఇంట్లో ఆమె ఇంకా పనిచేస్తూ ఉండవచ్చు. అయినా నెలకు ఎన్ని రోజులు సెలవు తీసుకోవచ్చో, జ్వరం వస్తే జీతం కోస్తారో కోయరో, ఏడాదికి ఎంత పెంచుతారో, పండక్కి ఏమిస్తారో ఆమెకు తెలియదు, అడగడానికి మొహమాటపడుతుంది. రేపు ఆమె వచ్చినప్పుడు కూర్చోబెట్టి ఈ నాలుగూ మీరే చెప్పండి. ఆమె ఏమనుకుంటున్నదో కూడా అడగండి. కుదిరితే ఒక కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి.